చెయ్యి చూశారు, నడక చూడలేదు

పోయిన కార్తీకమాసంలో ఒక పొద్దున పొయ్యి మీద పాలు పెట్టుకుని నిలబడ్డాను. కాలింగ్ బెల్ మోగింది. పాలు పొంగేలోపు తలుపు తీసి వచ్చేద్దామని గబుక్కున ఎడమవైపుకి తిరిగాను. కుడికాలు వెళ్ళి ఎడమకాలికి అడ్డం పడింది. మరుక్షణం నేల మీద ఉన్నాను. అక్కడ తడి లేదు. చీర కాళ్ళకి చుట్టుకోలేదు. కళ్ళు తిరగలేదు. ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్న వంటింట్లో, కాలికి అడ్డం ఏమీ లేని చోట పడ్డాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వాసన వస్తోంది, లేవలేను. బెల్ కొట్టిన పనమ్మాయి కిటికీలోంచి చూసి, పక్కింటివాళ్ళ దగ్గర ఉంచిన తాళంచెవి తెచ్చి లోపలికి వచ్చింది. ముందు గ్యాస్ కట్టేసి, ఆ తర్వాత నన్ను లేపింది. ఆ పిల్లకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు.

నాకు 70 ఏళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక్కదాన్నే ఉంటాను. బ్యాంకులో 34 ఏళ్ళు చేశాను, అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్లో. మావారు పోయి ఆరేళ్ళయింది. అమ్మాయి కాపురం హైదరాబాద్‌లో. షుగర్ పద్నాలుగేళ్ళ నుంచి ఉంది, బీపీ అంతకంటే ముందు నుంచే ఉంది. ఎడమ మోకాలు నొప్పి ఉంది కానీ, ఈ వయసులో ఎవరికి లేదు అనుకుని దాన్ని పట్టించుకోలేదు.

కట్టు కట్టిన ఆసుపత్రికి మొత్తం నాలుగుసార్లు వెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, కట్టు వేశారు, విప్పారు, కాల్షియం మాత్రలు రాశారు. వెళ్ళిన ప్రతిసారీ ఒకటే మాట: ‘‘పెద్దవయసు కదమ్మా, జాగ్రత్తగా నడవాలి.’’ ఎందుకు పడ్డారు అని ఒక్కరూ అడగలేదు. నాలుగడుగులు వేసి చూపించమని ఒక్కరూ అనలేదు. చెయ్యి చూశారు, నడక చూడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. జాగ్రత్తగా నడవమంటే ఎలా నడవాలో ఎవరైనా చెప్పాలి కదా! నేనేమైనా అజాగ్రత్తగా నడిచి పడ్డానా?

కట్టు విప్పాక ఇంకో కష్టం మొదలైంది. భయం. గోడ పట్టుకోకుండా హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళలేకపోయేదాన్ని. శివాలయానికి వెళ్ళడం మానేశాను. పెరట్లో తులసికోట దగ్గరికి వెళ్ళాలంటే రెండు మెట్లు దిగాలి, అది కూడా మానేసి గుమ్మంలోనే నిలబడి దణ్ణం పెట్టుకునేదాన్ని. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి నేను నడిచే తీరు చూసి ఏమీ మాట్లాడలేదు కానీ ఫోన్‌లో వీడియో తీసింది. రాత్రి భోజనాలయ్యాక చూపించింది. పాదాలు నేలకి రాసుకుంటూ, రెండు చేతులూ కాస్త ముందుకి చాపి, జారుడు నేల మీద నడిచినట్టు నడుస్తున్న ఆ మనిషిని నేను గుర్తుపట్టలేదు.

‘‘అమ్మా, హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ సెంటర్ ఉందిట. నడుముకి సెన్సర్ కట్టి నడకని కొలుస్తారట. పడిపోయే ముప్పు ఎంతుందో, ఎక్కడుందో చెప్తారట. వెళ్దాం’’ అంది.

ముందు ఒప్పుకోలేదు. నడకకి కూడా పరీక్షలేమిటి అనిపించింది. అది ఊరుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చదివి వినిపించింది: పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారట, అందులో ఎక్కువ మంది అరవై దాటినవాళ్ళేనట. ‘‘ఈసారి మణికట్టుతో పోయింది. తుంటి ఎముక అయితే?’’ అంది. దాని గొంతు మారిపోయింది. సరే అన్నాను.

సెంటర్లో మమ్మల్ని చూసింది ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి, ఫిజియో. మొదటి అరగంట సెన్సర్ మాటే లేదు. ముందు పడిన సంగతి అంతా చెప్పించుకుంది. ఏ గది, ఏ పూట, ఎటు తిరిగారు, కాళ్ళకి చెప్పులున్నాయా, పడేముందు ఏం చేస్తున్నారు. మూడు నెలల్లో నన్ను ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. వేసుకునే మాత్రలన్నీ కాగితం మీద రాసుకుంది. తర్వాత అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసింది, 138. లేచి నిలబడమని ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి చూసింది. 114కి పడిపోయింది. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలట. నాకు కళ్ళు తిరిగినట్టు కూడా అనిపించలేదు. తెలియకుండానే జరిగిపోతోందన్నమాట.

తర్వాత పదహారు ప్రశ్నలు. స్నానం చేసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, జనంలో నడిచేటప్పుడు, పడతానేమోనని ఎంత భయం? ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు. నాకు చాలావాటికి మూడు, నాలుగు వచ్చాయి. భయాన్ని కూడా కొలుస్తారని నాకు తెలియదు. ఆ అమ్మాయి చెప్పింది: భయం వల్ల కదలడం తగ్గుతుంది, కదలకపోతే కాళ్ళల్లో బలం తగ్గుతుంది, బలం తగ్గితే నిజంగానే పడతారు. నేను మూడు నెలలుగా సరిగ్గా అదే దారిలో ఉన్నాను.

నిలకడ పరీక్ష నాలుగు రకాలు. పాదాలు రెండూ కలిపి, ఒకటి కాస్త ముందుకి జరిపి, ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి, చివరికి ఒంటికాలి మీద. ఒక్కొక్కటి పది సెకన్లు. మొదటి రెండూ నిలిచాను. మూడోదానికి ఆరు సెకన్లకే తూలాను. ఆ అమ్మాయి చేతులు నా భుజాలకి అంగుళం దూరంలో సిద్ధంగా ఉన్నాయి.

అప్పుడు తీసింది సెన్సర్. అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బా. దాన్ని సాగే బెల్టులో పెట్టి నడుము వెనక, వెన్నెముక దిగువన కట్టింది. ఒంటి బరువుకి మధ్యభాగం ఇంచుమించు అక్కడే కాబట్టి ఒక్క సెన్సరే పెడితే అదే మంచి చోటట. అందులో రెండు పరికరాలుంటాయి. ఒకటి యాక్సిలెరోమీటర్. ఒంటి కదలిక పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఎంత జోరుగా మారుతోందో అది చూస్తుంది. రెండోది గైరోస్కోప్. ఒళ్ళు ఎంత వేగంగా మలుపు తిరుగుతోందో అది చెప్తుంది. ఇవి సెకనుకి 100 సార్లు అంకెలు రాసుకుంటాయి. మన కంటికి ఒక అడుగుగా కనిపించేది దానికి యాభై అరవై అంకెలన్నమాట.

ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. మొదటిసారి నడిచాక ఆ అమ్మాయి స్క్రీన్ చూసి మొహం చిట్లించింది. నన్ను పిలిచి చూపించింది. పాదం నేలకి తగిలిన ప్రతిసారీ గీత ఒక్కసారి మొనలా పైకి లేవాలి. నా గీతలో ప్రతి పెద్ద మొన పక్కనా ఇంకో చిన్న మొన ఉంది. ‘‘ఆంటీ, ఈ చిన్నది మీ అడుగు కాదు. బెల్టు ఊగుతోంది’’ అంది. చీర మడతల మీద కట్టడం వల్ల డబ్బా ఒంటిని అంటుకుని లేదు. అడుగు వేసినప్పుడు నాతో ఒకసారి, నా తర్వాత ఒకసారి కదులుతోంది. కారులో మా అమ్మాయి పంజాబీ డ్రెస్ ఒకటి ఉంటే అది వేసుకోమంది. పెళ్ళయ్యాక చీర తప్ప ఇంకోటి కట్టలేదు నేను. లోపలికెళ్ళి వేసుకుని వచ్చాను. ఈసారి గీత శుభ్రంగా వచ్చింది.

కానీ నాకొక సందేహం వచ్చి అడిగేశాను: ‘‘నేను ఇంట్లో ఉండేది చీరలో. పడింది చీరలో. ఈ డ్రెస్‌లో కొలిస్తే నా నడక తెలుస్తుందా?’’ ఆ అమ్మాయి ఒక క్షణం ఆగి, మంచి మాట అడిగారు అంది. చివర్లో బెల్టు లంగా లోపల, ఒంటికి ఆనించి కట్టి, పైన చీరతో మళ్ళీ నడిపించింది. చీరలో అడుగు కాస్త పొట్టిగా పడింది, మిగతాదంతా ఇంచుమించు ఒకేలా ఉంది. చీర కట్టుకునేవాళ్ళు ఎవరైనా ఈ పరీక్షకి వెళ్తే ఈ సంగతి ముందే అడగండి.

మొదటి పరీక్ష చాలా తేలిక. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, గీత దగ్గర తిరిగి, వెనక్కొచ్చి కూర్చోవాలి. ఇంతే. 1991 నుంచి డాక్టర్లు స్టాప్‌వాచ్ పట్టుకుని చేస్తున్న పరీక్ష ఇది. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ముప్పున్నట్టు. నాకు 11.4 పట్టింది. మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. నాకూ టెన్షన్ తగ్గింది.

ఆ అమ్మాయి మాత్రం స్క్రీన్ మీద ఆ 11.4 సెకన్లని ముక్కలు చేసింది. లేవడం, వెళ్ళడం, తిరగడం, రావడం, కూర్చోవడం. ఒక్కొక్కదానికీ ఒక రంగు. వెళ్ళడం, రావడం బాగానే ఉన్నాయి. ఎడమవైపుకి తిరగడానికి మాత్రం 3.2 సెకన్లు పట్టింది, ఆరడుగులు వేశాను. కుడివైపు తిరిగి రమ్మంది. 2.4 సెకన్లు, నాలుగడుగులు.

నేను వంటింట్లో తిరిగింది ఎడమవైపుకే.

ఆ గీతల్లో ఇంకా దగ్గరగా చూపించింది. ఎడమవైపు తిరిగేటప్పుడు బరువంతా ఎడమకాలి మీద మోపి కుడికాలిని చుట్టూ తిప్పాలి. నాకు మోకాలు నొప్పి కదా, ఎడమకాలి మీద బరువు నిలవనివ్వడం లేదు. చిన్న చిన్న అడుగులతో తొందరగా దాటేస్తున్నాను. రెండు పాదాలూ ఒకదానికొకటి దగ్గరకొచ్చి అడ్డం పడే చోటు అదే. స్టాప్‌వాచ్‌కి ఇదేమీ తెలియదు, అది మొత్తం కూడి ఒక అంకె చెప్తుంది. క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని, నాకు ఈ సంగతి వెంటనే అర్థమైంది. రోజు చివర మొత్తం సరిపోయినంత మాత్రాన ప్రతి వోచరూ సరైనదని కాదు.

తర్వాతది పొడుగు వరండాలో రెండు నిమిషాలు అటూ ఇటూ నడవడం. ఇక్కడ వేగం కంటే ముఖ్యమైనది, ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య పట్టే సమయం ఎంత నిలకడగా ఉందన్నది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నడక గడియారంలా ఒకే లయలో ఉంటుందిట. లయ తప్పుతుంటే, మెదడూ కాళ్ళూ ఎక్కడో సర్దుకోలేకపోతున్నట్టు. 2001లో జెఫ్రీ హాస్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కలిసి 70 దాటిన 52 మంది నడకని ఇలాగే కొలిచి, ఏడాది పాటు ఎవరు పడ్డారో చూశారని ఆ అమ్మాయి చెప్పింది. ఏడాదిలో పడినవాళ్ళ అడుగుల్లో హెచ్చుతగ్గులు, పడనివాళ్ళ కంటే దాదాపు రెట్టింపు ఉన్నాయట. పడకముందే నడకలో కనిపించిందన్నమాట.

మామూలుగా నడిస్తే నా వేగం సెకనుకి 0.95 మీటర్లు, హెచ్చుతగ్గులు 2.8 శాతం. పరవాలేదంది. తర్వాత నడుస్తూ 200 నుంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పమంది. 193, 186, 179, 172... ఎక్కడా తడుముకోలేదు. రెండు నిమిషాలూ ఒక్క తప్పు లేకుండా చెప్పాను. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు మరి. ఆగాక స్క్రీన్ చూస్తే వేగం 0.71కి పడిపోయింది, హెచ్చుతగ్గులు 5.6 శాతానికి పెరిగాయి. లెక్క తప్పలేదు, నడక తప్పింది. నా బుర్ర లెక్కని కాపాడుకుని కాళ్ళని వదిలేసింది.

అది వింటుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. చివరి రెండేళ్ళూ ఆవిడ నడుస్తుండగా ఎవరైనా ఏదైనా అడిగితే టక్కున ఆగిపోయేవారు. ఆగి, సమాధానం చెప్పి, మళ్ళీ నడిచేవారు. మర్యాద అనుకునేవాళ్ళం. ఆ సంగతి చెప్తే ఆ అమ్మాయి, ‘‘దాని మీద స్వీడన్‌లో 1997లోనే పరిశోధన చేశారాంటీ’’ అంది. వృద్ధుల నివాసంలో 58 మందితో నడుస్తూ మాట కలిపితే 12 మంది నడక ఆపారట. ఆ 12 మందిలో పదిమంది ఆరు నెలల్లోపే పడ్డారట. మా అత్తగారు కూడా పడే మంచాన పడ్డారు, మళ్ళీ లేవలేదు. ఆవిడ కాళ్ళు ముందే చెప్పాయి, మాకు వినడం తెలియలేదు.

ఇంతటితో అయిపోలేదు. వారం రోజులు ఆ సెన్సర్ ఇంట్లో కట్టుకోమంది. అది కూడా మా అమ్మాయి ఫ్లాట్‌లో కాదు, నా ఇంట్లోనే. ‘‘ఇక్కడ నేను చూస్తున్నానని మీరు జాగ్రత్తగా నడిచారు. ఎవరైనా అంతే. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు ఎలా నడుస్తారో అది కావాలి’’ అంది. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వచ్చాం. రైలు కుదుపులు లెక్కలోకి రాకూడదని ఇంటికెళ్ళాకే పెట్టుకున్నాను.

స్నానానికి వెళ్ళేముందు తీసి చార్జింగ్ పెట్టడం, వచ్చాక మళ్ళీ కట్టుకోవడం. ఎప్పుడు తీశానో, ఎప్పుడు పెట్టానో ఒక నోటుబుక్కులో రాశాను. మొదటి రెండు రోజులు పడుకుంటే నడుము కింద గుచ్చుకున్నట్టుండేది, తర్వాత అలవాటైంది. నాలుగోరోజు స్నానం చేసి వచ్చాక పెట్టుకోవడం మర్చిపోయాను, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. చెప్పడం మంచిదైంది. లేకపోతే ఆ ఏడెనిమిది గంటలు నేను కదలకుండా పడి ఉన్నట్టు లెక్కయ్యేది. ఆ రోజు తీసేసి మిగతా ఆరు రోజులు లెక్కలోకి తీసుకున్నారు.

ఆ డబ్బా నేను పడుకున్నానో నిలబడ్డానో ఎలా కనిపెడుతుందని అడిగాను. భూమి లాగే లాగుడు ఎప్పుడూ కిందకే ఉంటుంది. ఒళ్ళు కదలకపోయినా సెన్సర్‌కి ఆ దిక్కు తెలుస్తూనే ఉంటుంది. నిలబడితే ఆ లాగుడు వెన్నెముక వెంబడి, పడుకుంటే దానికి అడ్డంగా. అంతే తేడా. ఇంత చిన్న కిటుకుతో రాత్రి నేను ఎన్నిసార్లు లేచానో నాకంటే బాగా చెప్పింది. ఒకటి రెండుసార్లు లేస్తానని నేను రాశాను. మూడుసార్లు లేస్తున్నాను. ముఖ్యమైనది అది కాదు. మంచం మీద లేచి కూర్చున్న రెండు మూడు సెకన్లలోనే నడక మొదలుపెడుతున్నాను. పడుకుని లేస్తే నా బీపీ 24 పడిపోతుందని సెంటర్లో చూశాం. ఆ పడిపోయే సమయంలోనే, చీకట్లో, బాత్రూమ్ గడప దాటుతున్నానన్నమాట. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఆ అమ్మాయి చెప్పినప్పుడు నా అరచేతులు చల్లబడ్డాయి. అప్పటిదాకా నేను వంటింటికి భయపడుతున్నాను. భయపడాల్సింది బాత్రూమ్‌కి.

రోజుకి వేసే అడుగులు 2,100. అవి కూడా అరనిమిషం లోపు ముక్కలే. ఇంట్లో నా అడుగుల లయ, సెంటర్లో నడిచినదానికంటే బాగా తప్పింది.

ఇక్కడ మా అల్లుడుగారి మాట చెప్పాలి. ఆయన నేను పడిన వెంటనే నాకొక స్మార్ట్‌వాచ్ కొనిస్తానన్నారు. యాపిల్ వాచ్‌లో 2018 నుంచి మనిషి పడితే కనిపెట్టి ఫోన్ చేసే ఏర్పాటుంది. మంచిదే, ఒంటరిగా ఉండేవాళ్ళకి అది ధైర్యం. కానీ అది పడ్డాక పనికొచ్చేది. నాకు కావలసింది పడకముందు చెప్పేది. 2021 నుంచి ఐఫోన్ కూడా నడక నిలకడ ఎలా ఉందో చెప్తోంది. అయితే ఫోన్ జేబులోనో నడుము దగ్గరో ఉండాలి. చీరకి జేబు ఏది? నా ఫోన్ టీవీ పక్కనో, సంచిలోనో ఉంటుంది. మా అల్లుడుగారికి ఈ మాట చెప్తే, నిజమే అత్తయ్యా, నాకు తట్టలేదు అన్నారు.

ఫిజియో రాసిచ్చిన కాగితం పట్టుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళాం. బీపీ మాత్రల్లో ఒకటి తగ్గించి, వేళ మార్చారు. ఇది డాక్టరే చెయ్యాలి, సొంతంగా మాత్ర ఆపడం ప్రమాదం. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నానని బి12 విటమిన్ పరీక్ష రాశారు, తక్కువగా వచ్చింది. పాదాల మీద ట్యూనింగ్ ఫోర్క్, అంటే కొడితే అదిరే చిన్న ఇనప కడ్డీ, పెట్టి చూస్తే బొటనవేలి దగ్గర అదురు సరిగా తెలియలేదు. ఎముకల సాంద్రత స్కాన్ కూడా చేయించారు, మందు మొదలుపెట్టారు. మణికట్టు విరిగిన రోజునే రాయాల్సిన స్కాన్ అది.

బాత్రూమ్‌లో గోడకి రెండు స్టీల్ పట్టీలు బిగించాం. మంచం నుంచి బాత్రూమ్ దాకా కదిలితే వెలిగే చిన్న దీపాలు పెట్టాం. రాత్రి లేచాక మంచం అంచున కూర్చుని, కాలి మడమలు పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించి, అప్పుడు నిలబడి, మనసులో పది లెక్కపెట్టుకుని కదలడం. మొదటి వారం కష్టమనిపించింది.

అసలు పని కసరత్తుది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో తయారైన పద్ధతి. ముసలివాళ్ళు ఇంట్లోనే చేసుకునేలా కుదిర్చారు. అక్కడ చేసిన పరీక్షల్లో పడటం మూడో వంతుకి పైగా తగ్గిందట. కాలి మడమకి పైన చిన్న బరువు కట్టుకుని మోకాలు చాపడం, కాలు పక్కకి ఎత్తడం, మునివేళ్ళ మీద లేవడం, మడమల మీద నిలబడటం, పక్కకి నడవడం. వారానికి మూడు రోజులు. మిగతా రోజుల్లో వీలైనంత నడక. వంటింటి గట్టు పట్టుకుని మొదలుపెట్టాను. ముందు రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత రెండు వేళ్ళతో.

నాకోసం ప్రత్యేకంగా చేర్చింది మలుపులు. హాల్లో సుద్దముక్కతో పెద్ద 8 అంకె గీసుకోమంది. దాని మీద నడిస్తే ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తిరగక తప్పదు. నలభై ఏళ్ళు వాకిట్లో ముగ్గులు వేసిన చేత్తో ఆ ఎనిమిదిని వంకర లేకుండా గీశాను. మొదట్లో ఎడమ సున్నా తిరిగేటప్పుడు గీత దాటి కాలు పక్కకి పడేది. పనమ్మాయి కుర్చీ పట్టుకుని పక్కన నిలబడేది. నెల తిరిగేసరికి గీత మీద నిలబడగలిగాను. తర్వాత ఎనిమిది మీద నడుస్తూ, పైకి కూరగాయల లెక్క చెప్పడం. వంకాయలు అరకిలో ఇంత, బెండకాయలు పావు ఇంత, మొత్తం ఎంత. లెక్కా నడకా రెండూ కలిపి చెయ్యడం అలా నేర్చుకున్నాను.

మధ్యలో ఒకసారి మానేశాను కూడా. మోకాలు వాచింది. ఫోన్ చేస్తే బరువు తగ్గించి, వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టమంది.

పన్నెండు వారాలకి మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాం. ఈసారి పంజాబీ డ్రెస్ నేనే కుట్టించుకుని తీసుకెళ్ళాను. ఎడమ మలుపు 2.5 సెకన్లు, నాలుగడుగులు. మడమకి వేళ్ళు ఆనించి పది సెకన్లూ నిలిచాను. లెక్క చెప్తూ నడిస్తే వేగం 0.84, హెచ్చుతగ్గులు 4.1 శాతం. ఇంట్లో రోజుకి 3,600 అడుగులు. పడుకుని లేస్తే బీపీ తగ్గడం ఇప్పుడు పదికి మించడం లేదు.

ముప్పు పోయినట్టేనా అని మా అమ్మాయి అడిగింది. ఆ ఫిజియో అబద్ధం చెప్పలేదు. ‘‘తగ్గింది. పోలేదు. ఒకసారి పడిన మనిషి మళ్ళీ పడే అవకాశం ఎప్పుడూ ఎక్కువే. ఈ అంకెలు జాతకం కాదు మేడమ్. బాత్రూమ్‌లో నీళ్ళు ఒలికితే సెన్సర్‌కి తెలియదు’’ అంది. ఇలాంటి సెంటర్ దగ్గర్లో లేనివాళ్ళ సంగతేమిటని నేను అడిగాను. కుర్చీ, మూడు మీటర్ల గీత, గడియారం ఉంటే సగం సంగతులు ఏ ఊళ్ళోనైనా తెలుస్తాయంది. నడిచేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి, అంతే. అంతకంటే ముందు మూడు ప్రశ్నలు అడగాలంది. ఈ ఏడాదిలో పడ్డారా? నిలబడితే గానీ నడిస్తే గానీ తూలుతున్నట్టు ఉంటోందా? పడతానేమోనని దిగులుగా ఉందా? ఒక్కదానికి అవునన్నా నడక చూపించుకోవాలట.

ఆ రాత్రే తెనాలిలో ఉన్న మా అక్కకి ఫోన్ చేశాను. 76 ఏళ్ళు తనకి. నా సంగతి అంతా విని, ‘‘నాకేమీ లేదే, నేను బాగానే ఉన్నాను’’ అంది. మూడు ప్రశ్నలూ అడిగాను. పడలేదంది. తూలడం లేదంది. మూడోదానికి వెంటనే జవాబు రాలేదు. ఫోన్‌లో వాళ్ళింటి ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది.

‘‘బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు తలుపు గడియ పెట్టుకోవడం మానేశానే’’ అంది చివరికి. ‘‘పడితే ఎవరైనా లోపలికి రావాలి కదా అని.’’

వచ్చే బుధవారం అక్కని తీసుకెళ్తున్నాం. తనూ చీర తప్ప కట్టదు. నా డ్రెస్ తీసి, ప్యాంటు పొడుగు రెండంగుళాలు మడిచి కుట్టి, బ్యాగులో పెట్టాను.